మోకాలికీ మాటకీ ఒకటే జబ్బా?

ప్రశ్న: మాస్టారూ, ఒక్క వారంలో మా ఇంట్లో మూడు చోట్ల ఒకే ఇంగ్లిష్ మాట కనిపించి మమ్మల్ని హడలగొట్టింది. మా అత్తగారి మోకాలి ఎక్స్‌రే రిపోర్టులో 'ఆర్టిక్యులర్ సర్ఫేస్' నున్నగా లేదని రాశారు. మా బాబుకి అయిదేళ్లు దాటాయి, ఇంకా 'కాకి'ని 'తాతి' అంటాడు. స్పీచ్ థెరపిస్ట్ వాడి కాగితం మీద 'మిస్‌ఆర్టిక్యులేషన్' అని రాసిచ్చింది. క్యాంపస్ ఇంటర్వ్యూకి వెళ్లిన మా ఆడపడుచుతో 'నువ్వు ఇంకాస్త ఆర్టిక్యులేట్‌గా ఉండాలి' అన్నారట. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూసిన మా అత్తగారు, తన కీళ్ల జబ్బే మనవడి నాలుకకి దిగిందని ఒకటే ఏడుపు. ఫోన్‌లో వెతికితే ఒకచోట కీలు అని, ఒకచోట ఉచ్చారణ అని, ఇంకోచోట బాగా మాట్లాడేవాళ్లు అని వచ్చింది. ఇంతకీ ఇది ఒక మాటా, మూడు మాటలా?
(ఒక గృహిణి, తణుకు)

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి చేత కళ్లు తుడిపించండి. మోకాలి అరుగుదల నాలుకకి దిగదు. నాలుకలో ఎముకే లేదు, ఇక అరగడానికి కీలెక్కడిది? ఆవిడ మోకాలికీ బాబు మాటకీ ఉన్న చుట్టరికం ఆ ఇంగ్లిష్ మాటలో ఉంది కానీ రక్తంలో లేదు. ఈ సంగతి ఆవిడకి ఇవాళే చెప్పండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

ఒక మాటా, మూడు మాటలా అన్నారు. ఒకటే. మీది తణుకు కాబట్టి నాకు పని తేలికైంది. చుట్టుపక్కల చెరకు తోటలకి కొదవలేదు కదా, ఒక గడ చేతిలోకి తీసుకుని కణుపు మీద వేలు పెట్టండి. పై ముక్కా కింది ముక్కా కలిసింది అక్కడే, విడిపడింది కూడా అక్కడే. కణుపులు లేని చెరకు ఉంటే అది ఒట్టి కర్ర. ఎంతవరకు ఒక ముక్క, ఎక్కడ ఇంకో ముక్క అని చెప్పడానికి ఉండదు. నాటేటప్పుడు మూడు కళ్ల ముచ్చెలుగా నరకాలన్నా కణుపులు చూసుకునే కదా నరుకుతారు. లాటిన్‌లో కీలుని 'ఆర్టుస్' అంటారు. చిన్న కీలు, అంటే మన వేలి కణుపులాంటిది, 'ఆర్టిక్యులుస్'. మీ ఇంట్లోకి మూడు దారుల్లో వచ్చిన మాటకి పుట్టిల్లు అదే.

శరీరశాస్త్రం వాళ్లు ఆ మాటని కీలు దగ్గరే ఉంచేశారు. రెండు ఎముకలు ఎక్కడ కలిసినా అది ఆర్టిక్యులేషనే. తొడ ఎముక కింది కొస కాలి ఎముకతో 'ఆర్టిక్యులేట్' అవుతుందని పుస్తకంలో ఉంటే, ఎముకలు మాట్లాడుకుంటున్నాయని కాదు, కీలు కట్టాయని. కదిలేవే కీళ్లు అనుకుంటాం కానీ వాళ్ల లెక్కలో కదలనివీ కీళ్లే. పుర్రె ఎముకలు రంపపు పళ్లలా ఒకదానిలో ఒకటి ఇరుక్కుని కుట్టు వేసినట్టు ఉండే చోట్లు ఉన్నాయి చూడండి, అవీ ఆర్టిక్యులేషన్లే. మీ అత్తగారి రిపోర్టులో ఉన్నది ఇంకా చిన్న సంగతి. కీలులో ఒక ఎముక రెండో ఎముకకి ఎదురుగా పెట్టే ముఖం ఉంటుంది, అది ఆర్టిక్యులర్ సర్ఫేస్. దాని మీద నున్నటి మృదులాస్థి పూత ఉంటుంది. 'గుజ్జు అరిగిపోయింది' అని ఊళ్లో అందరూ అనేది దీని గురించే. మామూలు ఎక్స్‌రేలో ఆ పూత కనబడదు. ఎముకల మధ్య సందు ఎంత తగ్గింది, అంచులు ఎలా ఉన్నాయి అని చూసి డాక్టర్లు అంచనా కడతారు. ఆపైన ఏం చెయ్యాలో నాలాంటి ఇంగ్లిష్ మాస్టారు చెప్పకూడదు, రిపోర్టు ఎముకల డాక్టరుకి చూపించండి.

మనవాళ్లూ ఈ కీళ్ల లెక్క తక్కువగా ఏం రాయలేదు. సుశ్రుతుడు శరీరంలో 210 సంధులు ఉన్నాయని చెప్పి, ఆకారాన్ని బట్టి వాటిని ఎనిమిది రకాలు చేశాడు. గజ్జ దగ్గరి కీలు ఉలూఖలం, అంటే రోలు. తొడ ఎముక గుండ్రటి తల తుంటి గుంటలో ఎలా కూర్చుంటుందో బొమ్మలో ఒకసారి చూడండి, అంతకంటే మంచి పేరు దొరకదు. దవడ కీలుకి పెట్టిన పేరు వాయసతుండం, కాకి ముక్కు. మీ బాబు 'తాతి' అంటున్నది ఆ కాకినే.

ఇప్పుడు మాట సంగతి. కీలు అనే పదం నోట్లోకి ఎలా వెళ్లింది? దీనికి లాటిన్ కంటే వెనక్కి, గ్రీకుల దాకా వెళ్లాలి. జంతువులకీ గొంతు ఉంది, మనిషికీ ఉంది. ఆవు 'అంబా' అంటుంది, కుక్క అరుస్తుంది. అవి గొంతులే కానీ మాటలు కావు. తేడా ఎక్కడుంది అని ఆలోచించిన అరిస్టాటిల్, జంతువుల మీద రాసిన పుస్తకంలో, గొంతుని నాలుకతో కీళ్లు కీళ్లుగా విడదీయడమే మాట అన్నాడు. ఆయన వాడిన గ్రీకు పదం 'డయార్థ్రోసిస్'. ఈ రోజుకీ మెడికల్ కాలేజీలో స్వేచ్ఛగా కదిలే కీలుకి, అంటే మోకాలికి, భుజానికి, చెప్పే పేరు అదే. మీ అత్తగారి మోకాలు డయార్థ్రోసిస్, అరిస్టాటిల్ లెక్కన మీ బాబు మాటా డయార్థ్రోసిస్సే. ఆవిడ మరీ అంత తప్పుగా ఏం ఏడవలేదన్నమాట, కాకపోతే కారణం వేరు.

గాలి గొంతులోంచి ఒకటే ధారగా వస్తుంది. నాలుకా పెదవులూ దాన్ని అక్కడక్కడ ఆపి, నొక్కి, వదిలి కణుపులు వేస్తాయి. కణుపులు సరిగ్గా పడితే 'కాకి'. ఒకటి పక్కకి జరిగితే 'తాతి'. అసలు కణుపులే లేకపోతే ఒట్టి మూలుగు. 'విడమరిచి చెప్పు' అని మనం అంటామే, ఆ విడమరచడం సరిగ్గా ఇదే.

తెలుగువాళ్లకి ఈ మెలిక కొత్తగా అనిపించడం నాకెప్పుడూ వింతే. 'సంధి' మన మాట కాదా? మోకాలు సంధే, కాళ్లు పట్టేస్తే సంధివాతం. రాముడు, అతడు కలిసి 'రాముడతడు' అయితే అదీ సంధే, ఉత్వసంధి అని బడిలో బెత్తం పట్టుకుని మరీ నేర్పారు. పోట్లాడుకున్న రాజులు రాజీపడితే సంధి. జ్వరం తలకెక్కి మనిషి పొంతన లేకుండా మాట్లాడితే దాన్నీ సంధి అన్నారు మన పెద్దలు, 'సంధి ప్రేలాపన' అనే మాట అలా వచ్చిందే. ఇంగ్లిష్ వాడు కీలు పేరుతో స్పష్టమైన మాటని పిలిస్తే, మనం అదే కీలు పేరుతో అస్పష్టమైన మాటని పిలిచాం. 'పర్వం' సంగతి ఇంకా బాగుంటుంది. సంస్కృతంలో దాని అర్థం కణుపు, వెదురు కణుపైనా వేలి కణుపైనా. భారతానికి పద్దెనిమిది పర్వాలంటే పద్దెనిమిది కణుపులు ఉన్న గడ అన్నమాట. లాటిన్ కణుపు కూడా అచ్చం అలాగే పుస్తకాల్లోకి ఎక్కి 'ఆర్టికల్' అయింది. 1950లో అమల్లోకి వచ్చినప్పుడు మన రాజ్యాంగానికి ఉన్న 395 ఆర్టికల్సూ, పేపర్లో పడే ఆర్టికలూ, సీఏ చదివే పిల్లలు 'ఆర్టికల్స్ చేస్తున్నా' అనేదీ, ఆరో తరగతిలో ప్రాణం తీసిన ఎ, యాన్, ది కూడా ఆ గడ ముక్కలే. గల్ఫ్‌లో ట్రైలర్ లారీ నడిపే మనవాళ్లని అడగండి, ఇంజను భాగమూ వెనక బండీ కీలు మీద తిరిగే లారీని 'ఆర్టిక్యులేటెడ్' అంటారని చెప్తారు.

మీ బాబు దగ్గరికి వద్దాం. అసలు చూసుకోవలసింది అక్కడే.

'క'ని 'త'గా పలకడం అంటే ఏమిటో తెలియాలంటే మన అక్షరమాల చాలు. క, చ, ట, త, ప అని వరసగా పైకి అని చూడండి. 'క' దగ్గర నాలుక వెనక భాగం లేచి గొంతు దగ్గర తాకుతుంది. 'చ' దగ్గర అంగిలికి వస్తుంది, 'ట'కి నాలుక మడత పడుతుంది, 'త'కి కొస పళ్లని తాకుతుంది, 'ప'కి పెదవులు మూసుకుంటాయి. నోట్లో వెనక నుంచి ముందుకి ఊరేగింపులా పేర్చిన వరస అది. ఇంగ్లిష్ ఏబీసీడీలకి ఇలాంటి క్రమం ఏదీ లేదు. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని మన వ్యాకరణం చెప్పే చోట్లనే థెరపిస్టులు 'ప్లేస్ ఆఫ్ ఆర్టిక్యులేషన్' అంటారు. మీవాడు వెనక కణుపుని తెచ్చి ముందు వేస్తున్నాడు. కంఠ్యం కాస్తా దంత్యం అయింది. చిన్నపిల్లల్లో ఇది మామూలే, చాలామందికి దానంతట అదే సర్దుకుంటుంది. అయిదేళ్లు దాటాక కూడా ఉంటే మాత్రం థెరపిస్టుకి చూపించడం సబబే, మీరు చేసింది మంచి పని. 'ర' పలకని పిల్లల సంగతి వేరు, ఆ అక్షరం అసలే ఆలస్యంగా కుదురుతుంది, 'లాముడు' అన్నంత మాత్రాన కంగారు పడక్కర్లేదు.

ఇంకో సంగతి. మనం అన్నిటినీ కలిపి 'నత్తి' అనేస్తాం. 'క-క-క-కాకి' అని తడబడటం వేరు, అది ధార ఆగిపోవడం. 'తాతి' అనడం వేరు, అది ధార బాగానే ఉండి కణుపు తప్పడం. థెరపిస్టు మిస్‌ఆర్టిక్యులేషన్ అని రాసిందంటే రెండోది అని తేల్చినట్టే. కీలెరిగి వాత పెట్టాలంటారు కదా, ఆ ఒక్క ముక్కలో ఆమె కీలెక్కడుందో చెప్పేసింది. ఇంతకుముందు చేయించకపోతే చెవి పరీక్ష మాత్రం చేయించండి. 'క'కీ 'త'కీ తేడా సరిగ్గా వినబడని పిల్లవాడికి పలకడం ఎలా వస్తుంది?

మీ అత్తగారో పక్కింటి మామ్మగారో వస కొమ్ము అరగదీసి నాకిద్దామని ఈపాటికి అనే ఉంటారు. వస తింటే మాటలు బాగా వస్తాయనీ, గలగలా వాగే పిల్లని వసపిట్ట అనీ అంటూ నేనూ పెరిగాను. మాట ముచ్చటగానే ఉంది కానీ వస మోతాదు మించితే పిల్లలకి మంచిది కాదు. పైగా అది నాలుకని వెనక్కి లాగి 'క' పలికించదు. ఆ పని అద్దం ముందు కూర్చుని, థెరపిస్టు చెప్పినట్టు రోజుకి కాసేపు ఆడుకుంటే అవుతుంది. 'తాతి' అన్నప్పుడు నవ్వకండి, నలుగురిలో మళ్లీ మళ్లీ అనిపించకండి. 'అవునమ్మా, కాకి, పెద్ద కాకి' అని మీరు సరిగ్గా అని వదిలేయండి.

నా నోటి సంగతి చెబితే మీ ఇంట్లో వాళ్లు కాస్త తేలికపడతారేమో. మూడేళ్ల క్రితం నాకు పై పళ్ల సెట్టు కట్టించారు. డాక్టరు ముందు నా దవడల అచ్చులు తీసి, సుద్దతో చేసిన ఆ దవడల్ని ఒక ఇనప పరికరంలో బిగించాడు. తలుపు కీలులా తెరుచుకుంటూ మూసుకుంటూ పళ్లు టకటకలాడిస్తోంది. దాని పేరేమిటని అడిగితే 'ఆర్టిక్యులేటర్' అన్నాడు. సెట్టు పెట్టాక నీలం కార్బన్ కాగితంలాంటి ముక్క నోట్లో ఉంచి కొరకమన్నాడు. పళ్లు ఎక్కడ ఎక్కువ తగులుతున్నాయో అక్కడ నీలం మచ్చ పడుతుంది, దాన్ని అరగదీస్తాడు. ఆ కాగితం కూడా 'ఆర్టిక్యులేటింగ్ పేపర్'. అంతవరకు మాట దవడ కీలు దగ్గరే ఉంది. ఇంటికొచ్చి కిరాణా కొట్టుకి ఫోన్ చేసి 'సన్నబియ్యం పంపించు' అన్నాను. 'స' దగ్గర ఈల వచ్చింది. అవతల కుర్రాడు 'ఏంటి సార్, ప్రెషర్ కుక్కరా?' అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకి ఉచ్చారణ చెప్పినవాణ్ని! పై పళ్ల వెనక గాలి పోయే సన్నటి దారి కొత్త సెట్టుతో మారిపోయింది, నాలుక ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటోంది. రోజూ పేపర్ గట్టిగా చదవమన్నాడు డాక్టరు. పది రోజులు సంపాదకీయాలు, సినిమా వార్తలు, శ్రద్ధాంజలి ప్రకటనలు అన్నీ చదివాను, మా ఆవిడ ఓపిక నశించే వేళకి ఈల పోయింది. ఒకే నోట్లో ఒకే మాటకి రెండు అర్థాలూ అలా అనుభవానికి వచ్చాయి. నాలాంటి ముసలివాడి నాలుకే పది రోజుల్లో కొత్త దారి పట్టిందంటే, అయిదేళ్ల వాడి నాలుక గురించి మీకెందుకు బెంగ?

ఈ రెండు అర్థాలూ ఎదురెదురు పడే చోటు ఇంకొకటి ఉంది. మెడిసిన్, ఫిజియోథెరపీ, నర్సింగ్ పిల్లలని ఎవరినైనా అడగండి, పరీక్షల్లో తప్పకుండా వచ్చే బిట్టు అది: వేరే ఏ ఎముకతోనూ ఆర్టిక్యులేట్ కాని ఎముక ఏది? హయాయిడ్. గడ్డం కింద, గొంతుముడికి కాస్త పైన, గుర్రపు లాడంలా వంగి ఉంటుంది. పెద్దవాళ్ల శరీరంలో ఉండే 206 ఎముకల్లో దీనికొక్కదానికే ఎక్కడా కీలు లేదు, కండరాలకీ స్నాయువులకీ వేలాడుతూ ఉంటుంది. చూపుడువేలూ బొటనవేలూ పెట్టి మెల్లగా తడిమి, గుటక వేయండి, పైకి కదులుతుంది. నాలుకకి ఊతం ఆ ఎముకే. మనిషిని ఆర్టిక్యులేట్ చేయించే ఎముక తాను మాత్రం దేనితోనూ ఆర్టిక్యులేట్ కాదు. 1983లో ఇజ్రాయెల్‌లో కార్మెల్ కొండ మీద కెబారా గుహలో సుమారు 60,000 ఏళ్లనాటి నియాండర్తాల్ మనిషి, అంటే ఇప్పుడు అంతరించిపోయిన పాతకాలపు మనుషుల జాతివాడి, హయాయిడ్ దొరికింది. చూడటానికి మన దానిలాగే ఉంది. ఆ మనుషులకి మాటలు వచ్చా రావా అని పండితులు ఆ చిన్న ఎముక పట్టుకుని కొట్టుకున్న కొట్లాట అంతా ఇంతా కాదు.

ఇక మీ ఆడపడుచు. ఆ అమ్మాయి ఇంగ్లిష్ యాస బాగోలేదని కాదు ఇంటర్వ్యూ వాళ్లు అన్నది. ఆర్టిక్యులేట్‌గా ఉండటమంటే ఆలోచనకి కణుపులు వేసి చెప్పడం. 'మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి' అంటే మన పిల్లలు ఊపిరి తీసుకోకుండా కాలేజీ పేరు దగ్గర మొదలుపెట్టి గైడు గారి గొప్పతనం దాకా ఒకటే కర్రలా సాగదీస్తారు. నా దగ్గరికి వచ్చిన పిల్లలతో నేను ఒకటే చేయించేవాణ్ని. ప్రాజెక్ట్ సంగతి ముందు తెలుగులో, వాళ్ల అమ్మకి చెప్పినట్టు, నాలుగు వాక్యాల్లో చెప్పమనేవాణ్ని. ఏం చేశాం, ఎందుకు చేశాం, ఎక్కడ ఆగిపోయాం, ఎలా గట్టెక్కాం. అది కుదిరాకే ఇంగ్లిష్. తెలుగులోనే కణుపులు పడని సంగతి ఇంగ్లిష్‌లో ఎక్కణ్నుంచి పడుతుంది?

పలకడంలో మాత్రం ఒక చిన్న జాగ్రత్త చెప్పండి ఆ అమ్మాయికి. స్పష్టంగా మాట్లాడటం అనే క్రియ అయితే చివర 'లేట్' అని సాగాలి, ఆర్టిక్యులేట్. ఫలానా మనిషి బాగా మాట్లాడుతుంది అని గుణం చెబుతుంటే చివర తేలిపోయి 'లట్' లాగా వినబడాలి. 'సెపరేట్' కూడా అంతే. ఇంటర్వ్యూలో 'ఐ యామ్ ఆర్టిక్యులేట్' అని సాగదీసి చెబితే విన్నవాడు నవ్వుకుంటాడు. అసలు ఆ ముక్క ఎవరి గురించి వాళ్లు చెప్పుకునేది కాదు కూడా.

బాబు 'కాకి' అన్న రోజు ఒక కార్డు ముక్క రాయండి. మీ అత్తగారికి నా నమస్కారాలు.